మోయనివాళ్ళ ఇల్లు

మా ఇంటి మగవాళ్ళు వీధిలో చేత్తో ఏమీ పట్టుకుని నడవరు. గొడుగు, సంచి, పాలచెంబు, ఆఖరికి చుట్టిన వార్తాపత్రిక అయినా సరే. ఇది ఎక్కడా రాసి పెట్టిన నియమం కాదు. మా తాత నడిచేటప్పుడు వెనక ఒకరు గొడుగు పట్టేవారట, ఇంకొకరు తాంబూలం పెట్టె మోసేవారట. మా నాన్న కాలానికి వెనక నడిచే మనుషులు పోయారు. నడక మాత్రం మిగిలింది.

"చేతులు ఖాళీగా ఉండాల. ఎదురొచ్చినోడు దణ్ణం పెడితే రెండు చేతులా తిరిగి పెట్టాల గదా," అనేవారు నాన్న.

మాది తమిళనాట, కోయంబత్తూరు పక్క కినత్తుకడవు దగ్గర ఒక పల్లె. మా పెద్దలు ఎన్నో తరాల కిందట తెలుగు నేల విడిచి వచ్చి ఈ నల్లరేగడిలో పత్తి వేశారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. తెలుగు అక్షరాలు రాసే ఇళ్ళు మా వీధిలో మాది తప్ప లేవు. తాత ఒక అయ్యవారిని ఇంట్లో పెట్టుకుని పిల్లలకు నేర్పించారు కాబట్టి నాకు ఈ రాత అబ్బింది. ఉడుమలైపేటలో మాకు పత్తి గింజ తీసే మిల్లు ఉండేది. బావులు ఎండాయి, అన్నదమ్ముల పంపకాలు జరిగాయి, మిల్లు చేతులు మారింది. నా వంతుకు వచ్చినవి ఒక చిన్న కొబ్బరితోపు, వీధి చివర నాలుగు గదుల ఇల్లు, 'పెద్దింటివారు' అనే పిలుపు. ఆ పిలుపును ఎవరూ పంచుకోలేదు. అది మొత్తంగా నాకే వచ్చింది.

ఒకసారి నాన్న సంత నుంచి వంకాయలు తెచ్చారు. పైపంచెలో మూటగట్టి, దాన్ని నడుముకు చుట్టుకుని, పైన చొక్కా దించుకుని, వీధి పొడవునా కడుపునొప్పి ఉన్నవాడిలా నడిచివచ్చారు. లోపలికి వచ్చి తలుపు వేశాక మా అమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఎన్నో నెల?" అని అడిగింది. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ వయసుకే నేను ఆయన పక్షం.

నా భార్య మదురై పక్క నుంచి వచ్చింది. వాళ్ళూ మనవాళ్ళే, ఇంట్లో తెలుగే, కాని చిన్న సంసారం. వాళ్ళ నాన్న మిల్లులో నూలు బేళ్ళు భుజాన మోసేవాడు. వాళ్ళమ్మ పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. అప్పటికే మాతో సరితూగే ఇళ్ళవాళ్ళు మా గడప తొక్కడం మానేశారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. పెళ్ళికూతురి తల్లి మాత్రం మా ఇల్లు చూసి వెళ్ళి, తమ ఊళ్ళో కనబడినవాళ్ళందరికీ, "పెద్దింటికి ఇస్తుండాం," అని చెప్పుకుందట.

కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమెకు మా నడక అర్థమైంది. కినత్తుకడవు సంత నుంచి వచ్చి బస్సు దిగితే మా ఇంటికి వీధంతా నడవాలి. నేను చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచేవాణ్ణి. బియ్యం, నూనె డబ్బా, చింతపండు, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు చంకలో పిల్ల, అన్నీ ఆమెతో వెనక వచ్చేవి. నేను ఆమె చేత కావాలని మోయించలేదు. కావాలని చేసి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మానేసేవాణ్ణేమో. నాకు అసలు తట్టలేదు. వెనక్కి తిరిగి చూసే అలవాటే మా నడకలో లేదు.

పోయిన ఏడాది ఆమె కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవడం లేదు. కోయంబత్తూరులో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు ఎత్తి పట్టి చూసి, "ఏం పని చేస్తారమ్మా?" అని తమిళంలో అడిగాడు.

"ఇంటి పనే," అంది ఆమె.

"మూటలు ఎత్తేవాళ్ళకు ఇలా అరుగుతుంది," అని ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఆ చేత్తో ఇక బరువు ఎత్తకూడదని, కొన్ని వారాలు భుజానికి వ్యాయామం చేయించాలని, నిర్లక్ష్యం చేస్తే ఆ చెయ్యి నెత్తి దాకా కూడా లేవదని చెప్పాడు.

వ్యాయామానికి ఊరి నుంచి రోజూ రావడం కష్టం. అవినాశిలో మా చెల్లెలి కూతురు ఉంటుంది, ఆ వ్యాయామం చేయించే చోటు వాళ్ళ ఇంటి దగ్గరే ఉందంటే అక్కడ దిగాం. ఆ అమ్మాయి బనియన్ల ఎగుమతి కంపెనీలో పని చేస్తుంది. స్పెయిను, పోర్చుగల్ దేశాల కొనుగోలుదార్లతో ఫోన్లలో మాట్లాడి, చిన్నపిల్లల చొక్కాలు రంగు తేలకుండా, కొలత తప్పకుండా పంపించే బాధ్యత ఆమెది. వాళ్ళ భాష వస్తే పని తేలికని స్పానిష్ నేర్చుకుంటోంది. గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడి కూడా చెవిలో పాఠం పెట్టుకుని గొణుక్కుంటూ ఉంటుంది.

మేము వెళ్ళిన రోజునే నేను ఒక పని చేశాను. బస్సులో నా భార్య ఆడవాళ్ళ సీట్లలో ముందు కూర్చుంది. భుజం నొప్పి కాబట్టి సంచి నా కాళ్ళ దగ్గర పెట్టింది. అందులో ఆమె చీరలు, ఆ ఫిల్ము, మందులు ఉన్నాయి. అవినాశిలో దిగాం. బస్సు కదిలి వెళ్ళింది. ఆమె నా చేతుల వైపు చూసింది.

"సంచి యాడ?"

"ఏ సంచి?" అన్నాను.

బుకాయించలేదు. నిజంగానే నాకు ఏ సంచీ గుర్తు లేదు. బస్సు దిగేటప్పుడు కాళ్ళ దగ్గర ఏదైనా ఉందా అని చూసుకోవడం నా ఒంటికి తెలియదు. పుట్టి ఇన్నేళ్ళకు నా చేతికి ఒక సంచి అప్పగించారు, దాన్ని తిరుప్పూరు పంపించేశాను.

మేనకోడలు స్కూటరు మీద వచ్చింది. ఎవరెవరికో ఫోన్లు చేసింది. తిరుప్పూరు బస్టాండులో ఆమెతో పని చేసే ఒకామె కండక్టరును పట్టుకుని సంచి దింపించింది. అది సాయంత్రానికి ఇల్లు చేరింది. దాన్ని మంచం మీద పెట్టి మేనకోడలు నా ఎదురుగా నిలబడింది.

"మామా, ఫోను మరిచిపోయినోళ్ళని చూసినా. గొడుగు మరిచిపోయినోళ్ళని చూసినా. చేతికి సంచి ఇచ్చినారని తెలియనోళ్ళని ఇప్పుడే చూస్తుండా."

"వదిలెయ్ కన్నూ, ఆయనకి అలవాటు లేదు," అంది నా భార్య.

"అలవాటు లేదా? నువ్వు మాత్రం సంచితోనే పుట్టినావా అత్తా? మామా, మీలాంటోళ్ళకి ఆ దేశంలో ఒక పేరుండాది తెలుసునా? మొన్ననే పాఠంలో వచ్చింది. నాకి చుమ్మా ఊరికే నవ్వొచ్చింది, మీరే కనబడినారు."

ఆ మాట 'ఇదాల్గో'. మొదట 'హ' రాస్తారట, పలకరట. పోర్చుగీసులో అదే 'ఫిదాల్గు'. స్పెయిను వాయవ్య మూలన గాలిసియాలోనూ, తూర్పున కాటలాన్ మాట్లాడేవాళ్ళలోనూ 'ఫ'తోనే ఉందట. ఒకే తల్లి పిల్లలైన భాషల్లో ఒకరు 'ఫ' అంటే ఒకరు 'హ' అనడం నాకు వింతగా తోచలేదు. మా పక్కన కన్నడం మాట్లాడే ఇళ్ళున్నాయి. మేము పాలు అంటే వాళ్ళు హాలు అంటారు, మేము పులి అంటే వాళ్ళు హులి అంటారు. పాలు పాలే, పులి పులే.

"అర్థం ఏమి?" అని అడిగాను.

"కొడుకు. ఏదో ఒకదాని కొడుకు."

"ఏదో అంటే ఏది?"

"అదే మామా. ఏదో. అంతే."

నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు ఆ రోజు కోపం వచ్చింది. మరునాడు సాయంత్రం మాత్రం నేనే ఆ అమ్మాయిని పిలిచి, ఆ మాట గురించి ఇంకేముందో చదివి చెప్పమన్నాను. తన పని అయ్యాక ఫోనులో వెతికి చదివి, తెలుగులో చెప్పేది. కొన్ని సాయంత్రాలు అలాగే గడిచాయి.

ఇవాళ ఆ భాషలో 'ఆల్గో' అంటే 'ఏదో', 'కొంచెం' అని అర్థం. పాత రోజుల్లో దానికి ఆస్తి అనే అర్థం ఉండేదట. ఆస్తి ఉన్నవాడి కొడుకు అని ఆ పేరు. మంచి పనుల కొడుకు, అంటే పరువు గల ఇంటివాడు అని చెప్పినవాళ్ళూ ఉన్నారు. పాత రోము చట్టంలో 'ఇటలీ హక్కు' కింద పన్ను లేని మనుషుల పేరు నుంచి వచ్చిందని ఒక వాదన లేచి పడిపోయిందట. అరబ్బులు ఆ నేలను ఏలినప్పుడు, మనిషిని 'ఫలానాదాని కొడుకు' అని చెప్పే వాళ్ళ పద్ధతి చూసి కట్టుకున్న మాట అని ఇంకో వాదన, దాన్నీ అందరూ ఒప్పుకోలేదు. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో ఈ మాటను గోవా దాకా తెచ్చారు.

ఆ మనుషులకు పన్ను ఉండేది కాదు. చేతులతో పని చేస్తే పరువు తక్కువ. కాలం గడిచేకొద్దీ చాలామందికి భూమి పోయింది, పన్ను లేకపోవడం ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ పోయింది. తిండికి లేకపోయినా నడుము వంచని మనిషి అనే అర్థం ఆ మాటకు అంటుకుంది. అయితే అదే మాట ఇవాళ ఉదారుడు, పెద్దమనసువాడు అనడానికి కూడా వాడతారట. ఆ సంగతి మేనకోడలు రెండుసార్లు చెప్పింది, నన్ను ఊరడించడానికే అనుకుంటాను.

నేను పడుకుని ఆలోచించేవాణ్ణి. మాటలోంచి ఆస్తి కారిపోయి 'ఏదో' మిగలడానికి ఎన్ని తరాలు పట్టిందో. మా ఇంట్లో మూడు చాలాయి.

అందులో రకాలున్నాయి. తండ్రి వైపు, తల్లి వైపు తాతలూ అవ్వలూ నలుగురూ పెద్దింటివాళ్ళే అయినవాడు ఒక రకం. వరసగా కొడుకుల్ని కన్నందుకు ఆ హోదా పొందినవాడు ఒక రకం. ఇంకొక రకం పేరు చదివి మేనకోడలు ఫోను నా వైపు తిప్పింది.

"ఇది చూడండి మామా. చూరు ఇదాల్గో."

"చూరా?"

"ఇంటి చూరు నుంచి నీళ్ళు పడతాయి గదా, ఆ చూరు. వాడికి తన ఊళ్ళోనే మరియాద. ఊరు మారితే పోయె. పక్క ఊళ్ళో వాడూ అందరి మాదిరే పన్ను కట్టాల."

 తర్వాత నా భార్య అడిగింది, "ఆడోళ్ళకి ఏమీ లేదా ఆడ?"

"ఉండాది అత్తా. ఇదాల్గా. పెద్దింటి ఆడది మామూలోణ్ణి కట్టుకుంటే, వాడు బతికుండేదాకా ఆమెకి ఆ పేరు లేదు. మొగుడు పోయినాక తిరిగి కావాలంటే ఒక పని చెయ్యాల. గాడిద మీద వేసే జీను ఉంటాది గదా, అది వీపున పెట్టుకుని వాడి సమాధి కాడికి పోవాల. నీ తక్కువతనం నువ్వే ఉంచుకో, నా పేరు నాకియ్యి అని అడగాల. పాత చట్టంలో ఉండాది."

"బరువు ఎత్తితేనే ఇస్తారా?"

"అవునత్తా."

నా భార్య తన కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నవ్వింది. "అట్లయితే నాకి ఎప్పుడో వచ్చేసింటాది."

ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేను లేచి వసారాలోకి వెళ్ళాను.

మరునాడు పొద్దున నా భార్య కూరగాయలకు బయలుదేరింది. నేను చెప్పులు వేసుకుని వెంట వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు కొట్టు దగ్గరే ఆమె ఎడమ చేతిలోంచి సంచి తీసుకున్నాను. ఆమె ఇవ్వకుండా ఒక క్షణం పట్టుకుని, నా మొహం చూసి వదిలింది.

ఆ బరువు చెప్పుకోదగ్గది కాదు. గుమ్మడికాయ ముక్క, టమోటాలు, కరివేపాకు. కానీ సంచి కాడలు వేళ్ళను కోస్తాయని నాకు తెలియదు. ఎప్పుడు చెయ్యి మార్చుకోవాలో తెలియదు. సంచి మోకాలికి తగలకుండా నడవడం తెలియదు. కోవెల వీధిలో జనం ఉన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. నేనెవరో తెలిస్తే గదా చూడడానికి. అవినాశిలో నేను టమోటాలు పట్టుకుపోతున్న ఒక ముసలాయనను.

బరువు వల్ల నా నడక నెమ్మదించింది. ఆమె నా పక్కకు వచ్చింది. వచ్చి, మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ కొట్టువాడి తక్కెడ సంగతి, ఎదురింటి గోడ మీది పిల్లి మా అమ్మలా చూస్తోందన్న సంగతి, చిన్నప్పుడు వాళ్ళమ్మ పెరుగు కుండతో నడుస్తుంటే కుండ నీడలో తాను నడిచిన సంగతి. ఇల్లు చేరేదాకా ఆపలేదు.

దారిలో ఆమె ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ సంత నుంచి ఇంటి దాకా ఆమె వెనక ఏమేమి మాట్లాడిందో, నేను ముందు పోతుంటే నా వీపుతో మాట్లాడడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. భుజం సంగతి డాక్టరు చెప్పాడు. ఇది నాకు చెప్పేవాళ్ళు లేరు.

అవినాశిలో ఉన్నన్నాళ్ళూ రోజూ వెళ్ళాం, అవసరం లేకపోయినా. సంచి నేనే పట్టుకున్నాను. ఆమె చెయ్యి కొద్దికొద్దిగా లేచింది. ఒక పొద్దున తనే జడ వేసుకుంది. ఊరికి పోయాక కూడా ఇలాగే నడవాలని నేను లోపల నిశ్చయించుకున్నాను. ఎవరేమనుకున్నా సరే. ఆ చెయ్యి మళ్ళీ పడిపోకూడదు. ఆ మాటలు మళ్ళీ ఆగిపోకూడదు.

బయలుదేరే రోజు మేనకోడలు సంచి నా చేతికే ఇచ్చి, "మామా, ఇది సంచి. దిగేటప్పుడు ఇది కూడా దిగాల," అంది.

బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కోయంబత్తూరు ఉక్కడం బస్టాండులో మోసుకుంటూ బస్సు మారాను. కినత్తుకడవులో దిగి ఊరి బస్సెక్కాం. మా ఊరి మలుపులో దిగి తోపుల పక్కనుంచి నడుస్తున్నాం. ఆమె పక్కనే నడుస్తూ, మా తోపులో కాయలు దింపించాలని, ఏ చెట్టుకు చీడ పట్టిందోనని చెబుతోంది. మా వీధి మొదటి ఇంటి చూరు కనబడింది. ఆమె మాట ఆపింది. నిలబడింది. ఎడమ చెయ్యి చాచింది.

"ఇటియ్యండి."

"నేనే తెస్తా."

"ఈడ వద్దు."

"డాక్టరు చెప్పలేదా? ఈడ అయితే మాత్రం నీ భుజం వేరేనా? నాకేమీ సిగ్గు లేదు."

"మీకి లేదు. సరి." ఆమె గొంతు తగ్గించింది. అరుగుల మీద మనుషులున్నారు. "మా నాయన భుజాన మోసినాడు. మా అమ్మ నెత్తిన మోసింది. మోయనోళ్ళ ఇంటికి నన్నిచ్చినారని ఊరంతా చెప్పుకున్నారు. నేను మోసినా గాని, అది మోయనోళ్ళ ఇల్లే. మీరు సంచితో ఈ వీధిలో నడిస్తే, నేను ఎవురింటి కోడల్ని?"

 ఇన్నాళ్ళూ ఆ పిలుపు నాదని, నేను వద్దంటే పోతుందని అనుకున్నాను. దాని బరువంతా ఎవరు మోశారో వాళ్ళదే అయింది. నా దగ్గర ఇప్పుడు వదులుకోవడానికి కూడా అది లేదు.

"ఎడమ చేత్తోనే పట్టుకుంటా. నడవండి," అంది.

సంచి ఇచ్చాను. ముందు నడిచాను. మొదటి ఇంటి అరుగు మీది పెద్దాయన నన్ను చూసి తువ్వాలు భుజం మీంచి తీసి లేచి నిలబడ్డాడు. "పెద్దింటోరు ఇప్పుడేనా రావడం?" అని చేతులు జోడించాడు.

నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. జోడించాను. వెనక ఆమె చెప్పుల చప్పుడు వస్తోంది, మాట రావడం లేదు.